జాజిరి పాట - మన పేటల కామునిపున్నమ

ఫాల్గుణ పూర్ణిమకు మన షోలాపురమున మూడు పేర్లు కలవు. మరాఠీవారింట అది హోళీ, లేక శిమగా. కన్నడము మాటాడు పొరుగువారింట కామన హుణ్ణిమె. మన పద్మశాలి పేటలలోని ముదుసలులు దానిని కామునిపున్నమ యందురు. పేర్లు మూడైనను మంట యొకటే. ఒకే కూడలిలో, ఒకే పిడకల కుప్పచుట్టు, మూడు భాషల పిల్లలును తిరుగుదురు. ఆ మంటకడ మనవారు పాడెడి పాట యేది యని మేము మా తొమ్మిదవ తరగతి పిల్లల నడిగితిమి. ఒకడు హిందీ చలనచిత్రములోని పాట నెత్తుకొనెను. ఇంకొకడు నోటిపై అరచేతి వెనుకవైపు నానించి మరాఠీ బాలురవలె బొబ్బ పెట్టెను. తరగతి యంతయు నవ్వెను. చివరి వరుసలోని బాలిక యొకతె మాత్రము రెండు పెన్సిళ్లను ఒకదానితో నొకటి తాటించుచు, "మా బాపమ్మకు ఒకటి వస్తది సార్, జాజిరి అని. నాకు మొదటి మాటనే ఎరుక" అనెను.

ఆ మొదటి మాట యెంత పాతదో ఆమెకు తెలియదు. ఆమెకు చెప్పవలెనని మొదలిడి, చదివినదియు వినినదియు కూర్చి యీ పాఠమును వ్రాయుచున్నాము. తల్లిదండ్రులును దీనిని చదువుదురు గాక.

కథ యందరికిని తెలిసినదే. తపస్సులోనున్న శివునిపై మన్మథుడు పూలబాణము నెక్కుపెట్టెను. శివుడు మూడవకన్ను తెరచెను. మన్మథుడు బూడిద యయ్యెను. కాళిదాసు తన కుమారసంభవములో మూడవ సర్గమున నీ దహనమును, నాలుగవ సర్గమున రతీదేవి విలాపమును వర్ణించెను. కాలినవాడు మన్మథుడు, ఏడ్చినది వాని భార్య, పండుగ చేసికొనునది మనము! ఈ వింతను మన పల్లెవారు మరువలేదు. అందుచేతనే కాముని పాటలలో నవ్వును ఏడుపును పెనవేసికొని యుండును. ఉత్తరదేశమున నీ పండుగకు హోలిక ప్రహ్లాదుల కథను ముఖ్యముగా చెప్పుదురు. దక్షిణమున కామునికే పెద్దపీట.

తెలంగాణ పల్లెలలో ఈ పండుగ పున్నమనాడు మొదలుకాదు. దానికి కొన్ని దినముల ముందే, పలుచోట్ల తొమ్మిది దినముల ముందే, వెన్నెల ముదురుచుండగా పిల్లలు చేత కోలలు పట్టుకొని బయలుదేరుదురు. ఒక యింటి ముంగిట వలయముగా నిలుతురు. ఒకరు పాట చెప్పగా తక్కినవారు వంత పాడుదురు. కోలకు కోల తగులుచుండును. ఇంటివారిని పొగడుదురు, గింజలో, బెల్లమో, డబ్బులో అడుగుదురు. పెట్టిన యిల్లాలిని దీవింతురు. పెట్టని యింటిని వేళాకోళము చేయుదురు. ఇదియే జాజిరి. పెద్దవారి వినోదము వేరు. పురుషులు డప్పుమీద కోలాటము వేయుదురు. స్త్రీలు వెన్నెలలో చప్పట్లు చరచుచు, వంగి లేచుచు, వలయముగా తిరుగుదురు. పున్నమరాత్రి కాముని దహనము. అందుకు కట్టెలను, పిడకలను బాలురు పెరళ్లనుండి దొంగిలించుట యొక ఆచారమే. ఆ యొక్క రాత్రి దొంగతనమునకు దండన లేదు! మరునాటి కొరకు మోదుగుపూలను నీళ్లలో మరగించి రంగు తీయుదురు. చెట్టునకు ఆకులు రాలి పూవులు మాత్రమే యుండు కాల మది. అడవి యంతయు ఎఱ్ఱనై యుండును.

ఈ పాట యెట్లు నడచునో కొంచెము చూతము. చరణములు పొట్టివి. స్వరములు మెండుగా పైకి క్రిందికి పోవు. చంటిపిల్లవాని గొంతునకు అందునంత మేరలోనే తిరుగును. చరణము చివర పల్లవిమాట మరల మరల వచ్చును. ఆ మాట వచ్చునప్పటికి చెప్పువాడు ఊపిరి పీల్చుకొని తరువాతి చరణమును తలచుకొనును. వంతవారు తీరికగా దానిని పట్టుకొందురు. కోల దెబ్బ నాలుగేసి మాత్రలకు సమముగా పడును. ఎవరైన తడబడినచో వలయమే ఆగిపోవును. కావున ఆరేడేండ్ల పిల్లలకు సైతము లయ తప్పక యబ్బును. సంగీతపాఠశాలలో నెలలు పట్టు పని, నాలుగు సాయంకాలములలో ముంగిట పూర్తియగును. మేము దీనిని హాస్యమున కనుటలేదు.

ఇక మాట సంగతి. హర్షచక్రవర్తి (606-647) రచించిన రత్నావళి యను సంస్కృతనాటికలో మొదటి యంకమున మదనమహోత్సవము వచ్చును. యౌగంధరాయణుడను మంత్రి నగరమునుండి మృదంగముతో గూడి వినవచ్చు పౌరుల చర్చరీధ్వనిని ఆలకించును. తరువాత రాజును విదూషకుడును మేడమీదనుండి ఆ వేడుకను చూతురు. వీధులన్నియు సుగంధచూర్ణములతో నిండిపోయి యుండును. వసంతోత్సవమున తాళమునకు సరిగా చప్పట్లతో ఆడుచు పాడెడి పాటయే చర్చరి. ఆ మాట ప్రాకృతముల గుండ జారి తెలుగున జాజర యైనదని పండితు లందురు.

జాజర మన పాత కవులకు చక్కగా తెలియును. పదునాలుగవ శతాబ్దమునకు చెందిన నాచన సోమనాథుడు వసంతవిలాసమను కావ్యము వ్రాసెనని ప్రసిద్ధి. ఆ కావ్యము మనకు దక్కలేదు. లక్షణగ్రంథకారు లుదాహరించుటచే దానిలోని దని చెప్పబడు పద్య మొకటి నిలిచినది. ఆ పద్యమున వీణయు, వెన్నెలయు, స్త్రీల పాటయు, రసికులు మెచ్చెడి జాజరపాటయు ఉన్నవి. ఒక కావ్యము కావ్యమే పోయి, జాజర పేరున్న తునక మిగులుట చిత్రము కాదా! తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) స్వామివారి వసంతపు వేడుకపై జాజర యనుమాట పల్లవిలో మ్రోగునట్లు ఒక సంకీర్తన కట్టెను. అది నేటికిని కచేరీలలో వినబడుచున్నది. పాడువారిలో నెందరికి ఆ మాట కర్థము తెలియునో మేము చెప్పజాలము.

రాజులకును ఈ పండుగపై మక్కువ మెండు. కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి (1386-1402) వసంతోత్సవములను కర్పూరము వెదజల్లి జరిపించి కర్పూరవసంతరాయ డను బిరుదు పొందెను. ఆయన ఆస్థాననర్తకి లకుమ కథను తీసికొని సి. నారాయణరెడ్డి 1957లో కర్పూర వసంతరాయలు అను గేయకావ్యము వ్రాసెను. హంపీలోని మహానవమి దిబ్బ గోడలపై స్త్రీలు రంగునీళ్లు చిమ్ముకొను శిల్పము నేటికిని చూడవచ్చును. కొండవీటి కోట పాడుపడెను, హంపీ పాడుపడెను. జాజర యనుమాట మాత్రము రాజుల వెంట పోలేదు. తెలంగాణపు పిల్లల నోట జాజిరి యై ఇల్లిల్లు తిరిగెను. ఇట్టి వానిని చరిత్రగా లెక్కింపవలెనని సురవరము ప్రతాపరెడ్డి తన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో (1949) చూపెను. జానపదగేయములపై విశ్వవిద్యాలయ పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజు గ్రంథము 1958లో వెలువడెను. ఆ పిమ్మట పండితులు ఈ పాటలవైపు మరింతగా చెవియొగ్గిరి.

మరి ఆ జాజిరి షోలాపురమున కెట్లు వచ్చెను? మన తాతముత్తాతలు నల్లగొండ, కరీంనగరము, వరంగల్లు, మహబూబ్‌నగరము, మెదకు ప్రాంతములనుండి, నాటి నిజాము రాజ్యమునుండి, మగ్గమును నమ్ముకొని వచ్చిరి. కరవులును తరిమినవి, ఇచ్చటి నూలు సంతయు పిలిచినది. 1877లో ఇచ్చట తొలి నూలుమిల్లు వెలసిన పిమ్మట ఆ రాక మరింత పెరిగెను. ఊరి తూర్పువైపున, ఇప్పుడు పూర్వభాగ మని పిలుచు పేటలలో, వీధికి వీధి తెలుగు వీధి యయ్యెను. వారు తెచ్చిన సామానులో మార్కండేయుని పూజ యున్నది, బతుకమ్మ యున్నది, కోలలును ఉన్నవి.

అయితే వచ్చినది వచ్చినట్లు నిలువలేదు. తెలంగాణమున రంగులాట దహనము మరునాడే. మహారాష్ట్రమున పున్నమ మరునాడు ధూళివందనము, రంగులాట బహుళపంచమినాడు. మన పిల్లలు ఇచ్చటి పిల్లలతోనే కదా ఆడుకొనవలెను! అందుచే మన యిండ్ల రంగును నాలుగు దినములు జరిగి రంగపంచమికి పోయినది. తేదీ మారినందుకు మాకు విచారము లేదు. పొరుగువారితో కలసి తడిసినదే రంగు. కాని రంగు జరిగినంత సులభముగా పాట జరుగలేదు. పున్నమకు ముందు తొమ్మిది దినముల వెన్నెల పాటది. ఆ దినములలో మన పిల్లలకు వార్షికపరీక్షలు ముంచుకొని యుండును. ఎస్.ఎస్.సి. పిల్లవాడు కోలలు పట్టుకొని వీధిలోనికి పోయినచో ఏ తండ్రి యూరకుండును? ఈ విషయమున ఉపాధ్యాయులమగు మేమును దోషులమే.

ఇంకొక కారణమును మేము పాతకాలపు నేతగాండ్రవలన వింటిమి. గుంటమగ్గముమీద పాటకు చోటుండెను. నాడె యాడుట, పలక తొక్కుట మనిషి కాలుసేతుల నడకను బట్టి యుండెను. కావున పనియే తాళమయ్యెడిది. కండెలు చుట్టు పిల్లలు వంత పాడెడివారు. మరమగ్గములు వచ్చిన పిమ్మట ఆ షెడ్డులలో ప్రక్కవాని మాటయే వినబడదు, సైగలతో మాటాడుకొనవలెను. దుప్పట్లును తువాళ్లును వేగముగా నేయబడినవి, పాట నోట నడగినది. స్త్రీల యందు మాత్రము కొంత నిలిచినది. బీడీలు చుట్టుట చేతుల పని. చేటలో ఆకు, తంబాకు, దారము పెట్టుకొని నలుగురు కూర్చున్నచో నోరు ఖాళీగానే యుండును. మేము సేకరింప గలిగిన నాలుగు పాటలును బీడీచేటల చుట్టు వినినవే.

మన పాటను మనము తెలిసికొనుటకు పొరుగువారి పాటయు వినవలెను. హోళీ దినములలో వీధులు దద్దరిల్ల జేయు మరాఠీ హల్గీ మన డప్పునకు తోబుట్టువు. గుండ్రని చట్రమునకు తోలు బిగించి, మంటకు కాచి, రెండు పుల్లలతో వాయింతురు. తెలంగాణమున ఆ పుల్లలలో దొడ్డుదానిని సిర్ర యనియు, సన్నదానిని చిటికెన పుల్ల యనియు పిలుతురు. చలిగాలికి తోలు వదలినప్పుడు వాద్యగాండ్రు మంటకడకు పోయి కాచుకొని వత్తురు. కాముని మంట వారి కా విధముగ కూడ నుపయోగము. ఇచ్చట ఒక మాట దాచకూడదు. ఈ వాద్యము లేక ఏ పండుగయు సాగలేదు. వాయించువారిని మాత్రము ఊళ్లు చిరకాలము దూరముగ నిలిపినవి. పాటల చరిత్ర వ్రాయువారు దానిని విడిచి వ్రాసినచో అది సగము చరిత్ర.

లావణి మరాఠీల సొత్తు. డఫు, తుణతుణె పట్టుకొని పాడు ఈ పాటను పేష్వాల కాలమున ఉన్నతికి తెచ్చిన కవులలో రామజోశీ యొకడు. ఆయన పదునెనిమిదవ శతాబ్దమున ఈ షోలాపురముననే జన్మించెను. సంస్కృతము చదివిన బ్రాహ్మణుడై యుండియు తమాషావారితో గూడి లావణులు కట్టెను. 1947లో ఆయన జీవితముపై లోకశాహీర్ రామజోశీ యను చలనచిత్రము వచ్చెను. మన పిల్లలు ప్రతిదినమును నడచు ఊరిలో నింతటి కవి పుట్టెనని వారిలో పెక్కురకు తెలియదు. మరాఠీ పిల్లలలోను అందరకు తెలియదనుకొందుము.

లావణి విషయమున మాకు మిక్కిలి యిష్టమైన ముచ్చట తంజావూరిది. 1676 మొదలు 1855 వరకు తంజావూరును భోసలవంశపు మరాఠాలు ఏలిరి. వారి వెంట లావణియు అరవదేశమునకు పోయెను. కాలక్రమమున అరవవారు దానిని తమ భాషలోనికి తెచ్చుకొని, కామన్ పండిగ యనబడు తమ కామునిపండుగలో పాడసాగిరి. పాడువారు రెండు పక్షములగుదురు. కాముడు కాలె నని యొక పక్షము, కాలలేదని యింకొక పక్షము; రాత్రియంతయు పాటతోనే వాదము! మరాఠీ దేశమున కలగీ-తురా యను పేర శక్తి పక్షమువారును శివ పక్షమువారును పాటలతో వాదించుకొను సంప్రదాయ మున్నది. దాని పోలిక యిందు కనబడును. మరాఠీ మాటాడు ఇండ్లు తంజావూరున కొలదిగానే యుండగా, వారి పాట మాత్రము అరవపల్లెల పాట యయ్యెను. ఇంకొక వింత: ఆ మరాఠా రాజులలో శాహజీ (1684-1712) తెలుగున యక్షగానములు వ్రాసెను. మరాఠీవాడు అరవదేశమున కూర్చుండి తెలుగు పాట కట్టెను! మరాఠీ దేశమున కూర్చున్న తెలుగువారమగు మనము జాజిరిని మన గడపలోపలనే ఉంచుకొన నేల? మరాఠీ పిల్లలు కోలలు పట్టి వంత పాడినచో ఆ పాటకు వచ్చు నష్ట మేమి?

ఈ జిల్లాలోని తండాలలో లంబాడీలు హోళీని తమ పెద్దపండుగగా చేసికొందురు. వారి హోళీ పాటలకు లెంగీ యని పేరు. పురుషులొక గుంపు, స్త్రీలొక గుంపు అయి ఒకరినొకరు పాటతో ఎత్తిపొడుచుకొందురు. ఆ యేడు పుట్టిన పిల్లవానికి ఢూండ్ అను వేడుక జరిపి పాటలతో దీవింతురు. చావును, మంటను తలచు పండుగలో చంటిబిడ్డను ఎత్తుకొని పాడుట మాకు చాల నచ్చినది. తెలంగాణపు తండాలలోను ఇదే వేడుక యున్నది. వారికి మనవలె భాషలు మారినను తండా పాట మారలేదు.

ఉత్తరదేశమున ఈ ఋతువునకు పాటల పంట మరింత మెండు. వ్రజభూమిలో రసియా, భోజపురీ సీమలో జోగీరా, రాజస్థానపు శేఖావాటిలో చంగ్ అను పెద్ద డఫుమీది పాటలు. కుమావూఁ కొండలలో బైఠకీ హోళీ పుష్యమాసముననే, అనగా పండుగకు రెండు నెలల ముందే, ఇంటిలోపల కూర్చుండి రాగములతో మొదలగును. హిందుస్తానీ కచేరీలోనికి ఈ పాట రెండు దారుల వచ్చెను. ధమార్ అనునది పఖావజ్ మీద, గంభీరముగా, పదునాలుగు మాత్రల తాళమున సాగును. సాహిత్య మెక్కువగా కృష్ణుని రంగులాటయే. ఠుమ్రీ పోలికగల హోరీ సాధారణముగ దీప్‌చందీ తాళమున నడచును. దానికిని మాత్రలు పదునాలుగే! అయినను రెండును ఒకటి కావు. పిల్లలు చేతితో వేసి చూడవలెను: ధమార్ అయిదు, రెండు, మూడు, నాలుగుగా విరుగును, దీప్‌చందీ మూడు, నాలుగు, మూడు, నాలుగుగా విరుగును. మొదటిది బరువైన యేనుగు నడక; రెండవది ఊయల. మూడును నాలుగును కలసిన నడకను మనవారు మిశ్రగతి యందురు కనుక దీప్‌చందీ మనకు కొత్తగా తోచదు. కాఫీ రాగము హోరీలకు ప్రియమైనది. వసంత మను పేరు మాత్రము మోసగించును: హిందుస్తానీ బసంతును, కర్ణాటక వసంతరాగమును పేరు కలసినవే గాని స్వరములు కలసినవి కావు.

ఇంత చెప్పి యొక చిక్కును దాటవేయరాదు. మేము పాటలు తెమ్మని పిల్లలకు చెప్పిన మరునాడే ఒక తండ్రి పాఠశాలకు వచ్చెను. "హోలీ పాటలంటే బూతుపాటలు గద సార్. బడిల అవ్వి నేర్పుతరా?" అని సూటిగ నడిగెను. ఆయన అన్నది అబద్ధము కాదు. కాముని మంటకడ పురుషులు పాడువానిలో మోటుమాటలు గల పాట లున్నవి. మరాఠీ శిమగా బొబ్బలలో నున్నవి, జోగీరాలలో నున్నవి, దేశమంతట ఉన్నవి. ఆ దినములలో లజ్జను కొంత సడలించుట ఈ పండుగ లక్షణము. కొందరు ఆ నెపమున దారినపోవు స్త్రీలను బాధించుటయు కలదు; దానిని ఆచార మని సమర్థించుట మాకు సమ్మతము కాదు. కాని పిల్లల జాజిరి వేరు, స్త్రీల చప్పట్ల పాట వేరు, మంటకడ మోటుపాట వేరు. మూడింటిని ఒకే మూటగట్టి పారవేయుటచే, ఏ దోషమును లేని మొదటి రెండు పాటలు ముందుగా పోయినవి. మోటుపాట పోలేదు! అది ఇప్పుడు పెద్దపెట్టున ధ్వనియంత్రములనుండి వినబడుచున్నది. మేము ఈ మాటనే ఆ తండ్రితో చెప్పితిమి. ఆయన కొంతసేపు మిన్నకుండి, "మా అమ్మ పాడుతుండె" అని మాత్రమని వెడలిపోయెను.

పాట లెట్లు వ్రాసికొనవలెనో పిల్లలకు కొన్ని మాటలు. పెద్దవారు పలికినది పలికినట్లు వ్రాయుడు. బాపమ్మ "గుడిసెల" అన్నచో దానిని "గుడిసెలో" అని దిద్దకుడు; పాఠ్యపుస్తకపు భాష కొరకు ఆమె భాషను చెరుపుట మహాపరాధము. అర్థము తెలియని మాటను వదలకుడు. ముందు వ్రాసి పిదప నడుగుడు. మా పిల్లలలో నొకడు సోల యనుమాట విని దానిని మన షోలాపురపు పొట్టి పేరనుకొనెను! గింజలు కొలుచు సోలను వాడెన్నడు చూచెను? వాని యింట బియ్యము సంచులతో వచ్చును. పాట చెప్పినవారు ఏ యూరివారో, ఎవరి నోట నేర్చిరో ప్రక్కన వ్రాయుడు. మొబైలు ఫోనులో పట్టుకొనునప్పుడు ముందుగ అనుమతి యడిగి, పట్టినదానిని వారికి వినిపింపుడు. తమ గొంతు తాము విన్నప్పుడు వారికి మరచిన చరణములు జ్ఞాపకమునకు వచ్చుట మేము కన్నులార చూచితిమి.

పెన్సిళ్లు తాటించిన బాలిక యింటికి ఒక ఆదివారము పోయితిమి. బాపమ్మ చేట ముందు కూర్చుండి బీడీలు చుట్టుచుండెను. మమ్ము చూచి కొంగు సవరించుకొని, "గీ పాటకేమున్నది సారూ, పోరగాండ్లు పాడుకునేది. దీనికోసం నువ్వు ఇంత దూరం వస్తివా?" అని నవ్వెను. పాడుమనగా మొదట తల అడ్డముగ త్రిప్పెను. మనుమరాలు రెండు పుల్లలు తెచ్చి తాటింప మొదలిడగా, చేతిలోని ఆకు క్రింద పెట్టకయే ఎత్తుకొనెను. మొదటి మాట యదియే: రత్నావళిలో మంత్రి చెవికి సోకిన మాట. నాలుగైదు చరణములు చక్కగ వచ్చినవి. తరువాత ఆగిపోయెను. "సగం నాకు రాదు. మా చెల్లె చెప్తుండె, నేను వంత పాడుతుంటి. ఆమె సిరిసిల్లల ఉంటది" అనెను.

బాలిక ఫోను తీసి సిరిసిల్లకు కలిపెను. అచ్చటినుండియు మగ్గముల చప్పుడు వినబడెను. బాపమ్మ గొంతు పెంచి, "ఓ చెల్లే, జాజిరి యాదికున్నదా?" అని యడిగెను. కొంతసేపు నిశ్శబ్దము, ఆ పిదప ఫోనులోనుండి సన్నని గొంతు, ఆగిన చోటునుండియే, చరణము నందుకొనెను. ఇక్కడి యక్క వంత పాడెను. పెళ్లిళ్లయి వేరైన యిద్దరును ఆ పాటను పూర్తిగా పాడుట చిన్ననాటి పిమ్మట ఇదే మొదటిసారి యట. ఒక చరణమున మాత్రము తగవు వచ్చెను. ఇల్లాలు పెట్టినది వడ్లని చెల్లెలు, జొన్నలని అక్క. "మన నాయిన చేన్ల వడ్లెక్కడియే?" అని అక్క గద్దించెను. "పాటల మన చేనెందుకు వస్తదే అక్కా?" అని చెల్లెలు. ఇద్దరును తగ్గలేదు. బాలిక రెండు మాటలను వ్రాసికొని, ఒక్కొక్క మాట ప్రక్కన ఒక్కొక్క యూరి పేరు వ్రాసెను.